ఇల్లెందు: టన్నులు పెరిగాయి, మస్టర్లు తరిగాయి

59,671. ఇల్లెందు గురించి ఒక్క అంకె గుర్తుంచుకోవాలంటే ఇదే. 1889లో ఇక్కడి బొగ్గుబాయిల నుంచి పైకి వచ్చిన బొగ్గు ఇన్ని టన్నులు. సింగరేణి ఉత్పత్తి లెక్కల్లో మొదటి వరుస ఇది. 2023-24లో అదే సింగరేణి తవ్వింది 7 కోట్ల 20 వేల టన్నులు. 1,173 రెట్లు! రోజుకు సగటున లక్షా 91 వేల టన్నుల పైమాట. 1889లో ఏడాదంతా చెమటోడ్చి తీసిన బొగ్గును ఇవాళ సంస్థ ఏడున్నర గంటల్లో తీసేస్తోంది. ఒక్క షిఫ్టు కూడా పట్టడం లేదు.

ఇంత సంస్థకు పుట్టిల్లయిన ఊరు ఎంత ఎదిగి ఉండాలి? 1901 జనాభా లెక్కల్లో ఇల్లెందు 12 వేల పైచిలుకు ఊరు. 2011 లెక్కల్లో 33 వేల పైచిలుకు మున్సిపాలిటీ. నూట పదేళ్లలో మూడు రెట్లు కూడా కాలేదు. ఆ వ్యవధిలోనే దేశ జనాభా ఐదు రెట్లయింది. అంటే బొగ్గు వెయ్యి రెట్లు పెరిగితే, బొగ్గు మీద పుట్టిన ఊరు దేశం పెరిగినంత కూడా పెరగలేదు. ఈ రెండు అంకెల మధ్య తేడా ఎలా వచ్చిందో తెలుసుకుని వెళ్తే ఇల్లెందు అర్థమవుతుంది. లేకపోతే మీకు కనిపించేది ఒక బస్టాండు, నాలుగు బజార్లు, మక్కల లారీలు, ఊరి అంచున మట్టి గుట్టలు, అంతే.

ముందు దారి సంగతి. ఖమ్మం నుంచి 45 కిలోమీటర్ల చిల్లర, బస్సు ప్రయాణం. రైల్లో వస్తామనుకునేవారు డోర్నకల్‌లోనో, ఖమ్మంలోనో, మహబూబాబాద్‌లోనో, మరో దగ్గరి స్టేషన్‌లోనో దిగాల్సిందే. ఇక్కడికి పట్టాలు లేక కాదు. డోర్నకల్ నుంచి ఈ బొగ్గు కోసం 1888లోనే లైను వేశారు. నిజాం రైలు బెజవాడ చేరింది ఆ మరుసటి ఏడు, 1889లో. బెజవాడ కంటే ముందు నిజాం రైలు చూసిన ఊరికి ఇప్పుడు ప్రయాణికుల బండి లేదు. కారేపల్లి దగ్గర చీలిన దారిలో ఇటు మళ్లేది బొగ్గు గూడ్సులే.

పేర్ల తికమక కూడా ఇక్కడే తేల్చుకుందాం. సింగరేణి అనే ఊరు కారేపల్లి పక్కన ఉంది. కంపెనీకి పేరు ఇచ్చింది ఆ ఊరు, బొగ్గు ఇచ్చింది ఇల్లెందు, ప్రధాన కార్యాలయం ఉన్నది కొత్తగూడెంలో. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక ఇల్లెందు, కొత్తగూడెం భద్రాద్రి జిల్లాకు వచ్చాయి, సింగరేణి మండలం ఖమ్మం జిల్లాలో మిగిలిపోయింది. పాత తరం వాళ్లు మాత్రం ఇల్లెందును ఇప్పటికీ బొగ్గుట్ట అనే అంటారు.

10 లక్షల పౌండ్ల కథ

ఇక్కడ బొగ్గుందని 1871లో గుర్తించినవాడు భారత భూగర్భ సర్వే సంస్థలో పనిచేసిన డాక్టర్ విలియం కింగ్. తర్వాత 1887 నుంచి 1894 దాకా ఆ సంస్థకు అధిపతిగా ఉన్నాడు. ఈ ప్రాంతపు బొగ్గు పొరల్లో ఒకదానికి ఆయన పేరే ఉంది, కింగ్ సీమ్. దానికి జతగా ఇంకో పొరకు క్వీన్ సీమ్ అని పేరు పెట్టారు. గనుల వాళ్లకూ కొంచెం సరదా ఉండేదన్నమాట. ఈ పొరల వయసు పాతిక కోట్ల ఏళ్లకు పైమాటే. గోదావరి, ప్రాణహిత లోయ వెంట 350 కిలోమీటర్ల పొడవునా పరుచుకున్న బొగ్గు పట్టీలో, ఇల్లెందు దక్షిణం వైపున్న ఒక చిన్న ముక్క.

బొగ్గు కనిపెట్టినప్పటి నుంచి హక్కుల బేరం మొదలయ్యేదాకా గడిచిన పదిహేనేళ్ల కంటే, 1886 నుంచి 1888 దాకా నడిచిన వ్యవహారం ఎక్కువ రసవత్తరం. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పాలనలో, రాజ్యంలోని గనుల హక్కులు పొందడానికి లండన్‌లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ పుట్టింది. మూలధనం 10 లక్షల పౌండ్లు. ఒక్కొక్కటి 10 పౌండ్ల చొప్పున లక్ష షేర్లు. వాటిలో 85 వేల షేర్లను, పూర్తి సొమ్ము చెల్లించినట్టుగా రాసుకుని, హక్కులు సంపాదించిపెట్టిన పెద్దమనుషులే ఉంచేసుకున్నారు. లెక్క వేయండి: కాగితం మీద ఎనిమిదిన్నర లక్షల పౌండ్లు, గునపం నేలకు తాకకుండానే.

అంతటితో ఆగలేదు. నిజాం ప్రభుత్వం తరఫున బేరం నడిపిన అధికారి అబ్దుల్ హక్. సర్దార్ దిలేర్ జంగ్ అని బిరుదు. 10 పౌండ్ల షేర్లను ఒక్కొక్కటి 12 పౌండ్లకు అదే ప్రభుత్వానికి అంటగట్టాడన్నది ఆరోపణ. అంటే నిజాం తన నేల కింది బొగ్గు హక్కును ఇచ్చి, ఆ హక్కులో వాటాను ఎక్కువ ధర పెట్టి తిరిగి కొనుక్కున్నాడు. గొడవ బ్రిటిష్ పార్లమెంటు దాకా వెళ్లింది. 1888లో కామన్స్ సభ ప్రత్యేక సంఘం విచారణ జరిపింది. హక్ పదవి పోయింది. కంపెనీ మాత్రం పోలేదు. మన బొగ్గు చరిత్ర తట్టతో కాదు, షేరు కాగితంతో మొదలైందని నేనంటాను. నూట ముప్పై ఏళ్ల తర్వాత కేంద్రం పెట్టిన కోయగూడెం బొగ్గు బ్లాకు వేలం గురించి ఈ ప్రాంతంలో అంత ఉడుకు ఎందుకు పుట్టిందో అర్థం కావాలంటే ఈ పాత కథ తెలిసి ఉండాలి.

తర్వాతి యాజమాన్యాలను చకచకా చెప్పుకోవచ్చు. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ అన్న పేరు వచ్చింది. ఇప్పటికీ ఆ తేదీనే సింగరేణి దినంగా జరుపుతారు. 1945లో ఏడో నిజాం ప్రభుత్వం అధిక వాటా కొన్నది. ఇప్పుడు తెలంగాణ వాటా 51 శాతం, కేంద్రం వాటా 49. ఈ మధ్యలో 1927కి కారేపల్లి నుంచి కొత్తగూడెం వైపు రైలు పట్టాలు పడ్డాయి, 1937లో అక్కడ బొగ్గు తీయడం మొదలైంది. ఇల్లెందు పెద్దరికం తగ్గడం అప్పుడే ఆరంభమైందని పటం చూస్తే తెలుస్తుంది. బొగ్గు తరలే దారి మారితే ఊరి దశ మారుతుంది.

190 మస్టర్లు

బాయి పనిలో బతికిన ఇంట్లో అందరికీ తెలిసిన అంకె 190. గనుల చట్టం లెక్కలో, భూగర్భంలో పనిచేసే కార్మికుడికి ఏడాదిలో 190 హాజర్లు నిండితే పూర్తి ఏడాది చేసినట్టు. ఉపరితలంలో అయితే 240. హాజరును ఇక్కడ మస్టర్ అంటారు. బదిలీ ఫిల్లర్‌గా చేరినవాడు పర్మనెంట్ కావాలన్నా, జీతంతో సెలవు దొరకాలన్నా ఈ అంకె దాటాలి. పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం కంటే ముందు, ‘మస్టర్లు నిండుతున్నాయా’ అని అడిగిన రోజులు బొగ్గు ఊళ్లలో ఉన్నాయి.

ఆ పని ఎలాంటిది? పేల్చిన బొగ్గును చెమ్మస్ అనే పారతో తట్టలోకి ఎత్తి, తట్టను మోసుకెళ్లి టబ్బులో పోయాలి. కోల్ ఫిల్లర్ పని అంతే. చెప్పడానికి ఒక్క వాక్యం. చేయడానికి చీకటి, ఉక్క, నెత్తిమీద కప్పు ఎప్పుడు జారుతుందోనన్న భయం. కప్పును నిలబెట్టడానికి టింబర్‌మన్, టబ్బులు నడపడానికి ట్రామర్, చుట్టూ చూసుకోవడానికి సర్దార్, ఓవర్‌మన్. ఒక టన్ను బొగ్గు వెనక ఇంతమంది. ఇంతమందికీ జీతం, ఆ జీతం ఖర్చయ్యేది ఊరి అంగడిలో.

ఇప్పుడు తల లెక్క చూద్దాం. 1990-91 ప్రాంతంలో సింగరేణిలో లక్షా పదివేల మందికి పైగా ఉద్యోగులు ఉండేవారు. ఉత్పత్తి సుమారు కోటి 77 లక్షల టన్నులు. తలకు ఏడాదికి 160 టన్నులు. 2023-24 నాటికి పర్మనెంట్ ఉద్యోగులు 41,837. తలకు 1,670 టన్నుల పైన. పదిరెట్లు దాటిందని సంబరపడేముందు ఒక మాట. ఈ లెక్కలో కాంట్రాక్టు కార్మికులు లేరు. వాళ్లు మరో 25 వేల మంది. వాళ్లనూ కలిపితే తలకు 1,050 టన్నులకు కాస్త తక్కువ. ఉత్పాదకత గురించి వచ్చే ప్రకటనల్లో మొదటి అంకే కనిపిస్తుంది, రెండోది మనం వేసుకోవాలి.

ఈ మార్పు ఎక్కడి నుంచి వచ్చిందంటే, పైకప్పు తీసేయడం నుంచి. భూగర్భంలోకి మనిషి దిగే పద్ధతి తగ్గి, పైనున్న నేలనంతా తొలిచి బొగ్గు తీసే ఓపెన్‌కాస్ట్, జనం మాటలో ఓసీ, పెరిగింది. సింగరేణి బొగ్గులో 90 శాతానికి పైగా ఇప్పుడు ఓసీల నుంచే వస్తోంది. ఒక టన్ను బొగ్గు కోసం సంస్థ మొత్తం మీద సగటున ఆరు ఘనపు మీటర్ల మట్టి, రాయి తీయాలి. ఇల్లెందు చుట్టుపక్కల కనిపించే గుట్టల్లో కొన్ని దేవుడు పెట్టినవి కావు, ఆ మట్టి పోసినవి. 1889లో రోజుకు సగటున వచ్చిన 163 టన్నుల బొగ్గు, వంద టన్నుల డంపర్‌కు రెండు ట్రిప్పులు. డంపర్ నడపడానికి షిఫ్టుకు ఒక్కడు చాలు.

ఊళ్లోని పాత ఇంక్లైన్లు, అంటే ఏటవాలుగా నేల కిందికి దిగే గనులు, మూతపడ్డాయి. వాటి నంబర్లు మాత్రం పేటల పేర్లుగా మిగిలాయి. 21 ఏరియా, 24 ఏరియా అంటే ఆటో డ్రైవర్ సరిగ్గా తీసుకెళ్తాడు. ఇల్లెందు ఏరియా పేరుమీద నడిచే తవ్వకం ఇప్పుడు ఓసీల్లోనే. అందులో టేకులపల్లి మండలంలోని కోయగూడెం ముఖ్యమైనది. దాని పక్కనున్న కోయగూడెం బ్లాక్-3తో పాటు మరో మూడు బ్లాకులను కేంద్రం వేలానికి పెట్టినందుకే 2021 డిసెంబర్ 9 నుంచి 11 దాకా, మూడు రోజులు, సింగరేణి అంతటా సమ్మె జరిగింది.

కొత్త తరానికి ఉద్యోగాల మాట. తండ్రి ఉద్యోగం కొడుక్కి వచ్చే వారసత్వ పద్ధతిని మళ్లీ తెస్తూ ఇచ్చిన పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. 2018 నుంచి, మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తేనో, ఉద్యోగంలో ఉండగా చనిపోతేనో కారుణ్య నియామకం. అంటే తండ్రి ఆరోగ్యమో ప్రాణమో పోతే తప్ప కొడుక్కి దారి లేదు. ఈ షరతు పెట్టినవాళ్లకు దాని అర్థం తెలియదనుకోలేను.

అంగడిని నడిపేది ఎవరు

2024 దసరాకు ముందు ప్రకటించిన లాభాల వాటాను కాస్త విడదీసి చూడాలి. 2023-24 నికర లాభం 4,701 కోట్లు. అందులో విస్తరణ పెట్టుబడులకు 2,289 కోట్లు పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్లు, పర్మనెంట్ ఉద్యోగులకు పంచారు. తలకు సగటున లక్షా 90 వేలు. మొత్తం లాభంతో పోలిస్తే ఇది 17 శాతం లోపే. 33 అని ప్రచారమైన అంకెకూ, 17 అని తేలే అంకెకూ మధ్య కార్మిక సంఘాల వాదన అంతా ఉంది. కాంట్రాక్టు కార్మికుడికి ఇచ్చింది 5 వేలు. తొలిసారి ఇచ్చామని చెప్పారు, నిజమే. అదే మట్టిలో, అదే షిఫ్టులో, 38 రెట్ల తేడా అన్నదీ నిజమే.

ఈ సొమ్ము ఊరికి ఏం చేస్తుందో తెలియాలంటే పక్కన పత్తి రేటు పెట్టి చూడండి. 2024-25లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. లక్షా 90 వేలంటే పాతిక క్వింటాళ్లు, వానాధారపు నేలలో మూడు ఎకరాలకు పైబడిన పంట. ఆ మూడెకరాల రైతు విత్తనం, ఎరువు, కూలి అన్నీ పోను మిగిలింది లెక్క చూసుకోవాలి. సింగరేణి ఉద్యోగికి అది జీతం మీద అదనం. అందుకే దసరా ముందు బట్టల దుకాణం, బంగారు కొట్టు సింగరేణి ఇళ్ల వైపు చూస్తాయి.

మిగతా పదకొండు నెలలు? అక్కడే అంగడి ఊరి పాత పని ఇల్లెందు చేతికి తిరిగి వచ్చింది. చుట్టూ కోయ గూడేలు, లంబాడా తండాలు, అడవి అంచు పోడు చేలు. గుండాల, టేకులపల్లి వైపు నుంచి పత్తి, మక్కలు, మిర్చి ఇటు దిగుతాయి. ఉప్పు, పప్పు, ఎరువు, మందుబిళ్ల అటు వెళ్తాయి. వ్యవసాయ మార్కెట్లో అంకెలు సింగరేణి అంకెల్లా కోట్లలో ఉండవు, శాతాల్లో ఉంటాయి. భారత పత్తి సంస్థ (సీసీఐ) పత్తి కొనాలంటే తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర. ఆపైన ఒక్కో శాతానికి ఒక్కో శాతం కోత. 12 దాటితే కొననే కొనదు. పది క్వింటాళ్లు తెచ్చిన రైతు తేమ 12 దగ్గర తేలితే 3 వేల రూపాయలు పోగొట్టుకుంటాడు. మంచు కాలంలో అడవి పక్క చేలో తీసిన పత్తికి ఆ నాలుగు శాతం తేమ ఎంత తేలిగ్గా పడుతుందో ఇక్కడివాళ్లను అడగండి. నవంబర్, డిసెంబర్ నెలల్లో వెళ్తే ఓసీ వైపు పరుగెత్తకుండా ఒక పూట మార్కెట్ యార్డులో గడపమంటాను. ఈ ఊరి అసలు ముఖం అక్కడే కనిపిస్తుంది.

ఇది ఏజెన్సీ ప్రాంతం. 1970 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరుడు భూమి కొనడం చెల్లదు. కాబట్టి డబ్బు చేతికి వచ్చినా ఇక్కడ ఇల్లూ స్థలమూ కొని స్థిరపడే తోవ అందరికీ లేదు. రిటైరైన కార్మికుల్లో చాలామంది ఖమ్మంలో ప్లాటు కొనుక్కోవడానికి పిల్లల చదువుతో పాటు ఇదొక కారణం. చట్టం గిరిజనులను కాపాడాలనే వచ్చింది, కాపాడాలి కూడా. దాని నీడలో ఊరు ఎత్తు పెరగలేదన్నది పక్కనే రాసుకోవాల్సిన అంకె.

పింఛను సంగతి చెప్పకపోతే ఈ కథనం సగమే. 1998 నాటి బొగ్గు గనుల పింఛను పథకంలో, 30 ఏళ్లు చేసినవాడికి చివరి నెలల సగటు జీతంలో నాలుగో వంతు వస్తుంది. కరువు భత్యంతో దానికి సంబంధం లేదు. రిటైరైన రోజున ఎంత రాశారో చనిపోయేదాకా అంతే. కనీస పింఛను నెలకు వెయ్యి రూపాయలని తేల్చడానికి 2024 జనవరి దాకా పట్టింది. తట్టా చెమ్మస్ కాలంలో రిటైరైనవాళ్ల పింఛనుతో ఇవాళ నెల గడవదు. బజారులో టీ కొట్టు దగ్గర కూర్చునే ముసలివాళ్లను పలకరించండి. 190 నుంచి మొదలుపెట్టి అన్ని అంకెలూ వాళ్లే చెబుతారు.

39 మెగావాట్లు, 126 రూపాయలు

ఇల్లెందులో ఇప్పుడు సింగరేణికి 39 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం ఉంది. మన ఎండకు అది ఏడాదికి ఇచ్చే కరెంటు ఉజ్జాయింపుగా 6 కోట్ల యూనిట్లు అనుకోవచ్చు. యూనిట్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుందని లెక్కిస్తే, 42 వేల టన్నుల బొగ్గుకు సమానం. 1889లో ఇల్లెందు మొత్తం తీసిన బొగ్గులో మూడింట రెండు వంతులకు మించి! గొప్ప విషయమే. కాకపోతే ఆ పలకలు తుడవడానికి, కాపలాకు, మరమ్మతుకు కొద్దిమంది చాలు. వాళ్లలో మస్టర్ పడే ఉద్యోగులు ఎంతమంది ఉంటారో ఊహించుకోవచ్చు.

చూడటానికి వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. ఓసీల్లోకి అనుమతి లేకుండా వెళ్లకూడదు, మూసిన ఇంక్లైన్ల నోళ్ల దగ్గరికి, కుంగిన నేల మీదికి అసలే పోకూడదు. గని లోపలికి దిగి చూడాలన్న కోరిక బలంగా ఉంటే, ఆర్టీసీ 2022 డిసెంబరులో మొదలుపెట్టిన ‘సింగరేణి దర్శన్’ యాత్ర నడుస్తోందేమో కనుక్కోండి, అది వెళ్లేది రామగుండం వైపు. పర్యాటకం కూడా పుట్టింటికి రాకుండా అటే పోయింది.

చివరిగా, ఇల్లెందు వాళ్లు స్వయంగా వేసుకోవాల్సిన లెక్క. బొగ్గు ధరలో 14 శాతం రాయల్టీ. పాత లీజుల విషయంలో ఆ రాయల్టీకి 30 శాతం సమానమైన సొమ్మును జిల్లా ఖనిజ నిధికి విడిగా కట్టాలని 2015లో చట్టం వచ్చింది. టన్ను ధర 3 వేలనుకుంటే రాయల్టీ 420, ఖనిజ నిధికి 126 రూపాయలు. లక్ష టన్నులకు కోటీ 26 లక్షలు. ఈ డబ్బు గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్లలో నీళ్లకు, ఆరోగ్యానికి, చదువుకు ముందుగా ఖర్చు కావాలి. ఆ లెక్కలు జనానికి వెబ్‌సైట్‌లో కనపడేలా పెట్టాలన్నదీ నిబంధనే. ఇల్లెందు నుంచి, కోయగూడెం నుంచి ఎన్ని టన్నులు వెళ్లాయి, ఎంత నిధి జమైంది, అందులో ఎంత ఇక్కడికి తిరిగి వచ్చింది? ఈ మూడు అంకెలనూ ఏటా అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు రుసుము 10 రూపాయలే.